స్వతంత్ర గానము – ప్లేటునందును, సభయందును

పాటను వినుటకు రెండు మార్గములు గలవు. పాడువాని యెదుట కూర్చుండి వినుట యొకటి. పాడినదానిని యంత్రము నిలువచేసి యుంచగా, తరువాత నెప్పుడో వినుట రెండవది. మొదటి మార్గము మానవజాతి యంత పురాతనమైనది. రెండవదానికి సుమారు నూట యేబది సంవత్సరముల వయస్సు మాత్రమే కలదు. అయినను నేటి బాలబాలికలకు రెండవదే స్వభావసిద్ధమైన మార్గముగను, మొదటిది పండుగనాడు మాత్రము తటస్థించు వింతగను తోచుచున్నది.

మన పై తరగతుల విద్యార్థులు కొందఱు ‘ఇండీ రాక్’ అను మాటను తఱచుగా పలుకుచుందురు. ఆ మాట కర్థమేమి? ఆ సంగీతమున ఆల్బమునకును సభకును గల సంబంధ మెట్టిది? దానినుండి వంశధారా నాగావళీ తీరవాసులమగు మనము నేర్వదగిన దేమి? ఈ మూడు సంగతులను ఈ వ్యాసమున వివరించెదను. నేను గాయకుడను గాను, వినువాడను మాత్రమే. కావున నిది వినువాని పక్షమున వ్రాసినదని చదువరులు గ్రహింతురు గాక.

నిలువచేసిన నాదము

1877లో అమెరికా దేశస్థుడగు థామస్ ఆల్వా ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపముమీద కంఠస్వరమును గీతలుగా గీసి, మరల ఆ గీతలనుండియే స్వరమును పుట్టించు యంత్రమును నిర్మించెను. పది సంవత్సరముల పిమ్మట, 1887లో, ఎమిల్ బెర్లినర్ అనునతడు స్తూపమునకు బదులుగా చదునైన పళ్ళెమును వాడవచ్చునని చూపెను. దానినే మన పెద్దలు గ్రామఫోను ప్లేటు అనిరి. పళ్ళెమున కొక సౌలభ్యము కలదు. అచ్చుకూటమున పుస్తకములను వేసినట్లు, ఒక మాతృకనుండి వేలకొలది ప్రతులను ఒత్తవచ్చును. 1902లో లండను గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ మొదలగువారి గానమును ప్లేట్ల కెక్కించెను. ఆ ప్లేట్లు లక్క కలిపిన ముద్దతో చేయబడినవి. మన అడవులలో దొరకు లక్కకు ఇట్టి ఉపయోగము కూడ కలిగినది.

ఆ ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. పది అంగుళముల ప్లేటున ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. ఈ కొలత చిన్నదిగా దోచును గాని, సంగీతముయొక్క రూపమునే అది మార్చినది. మన ప్రాంతపు నిదర్శనమునే చూతము. విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల 1919లో స్థాపింపబడెను. ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ సంవత్సరమే అందు ఫిడేలు ఆచార్యులుగ చేరి, 1936లో ప్రధానాచార్యులైరి. సభలో కూర్చున్న విద్వాంసుడు ఒక రాగమును తీరికగా విస్తరింపవచ్చును. శ్రోతలు తల లూపినచోట మఱికొంత నిలువవచ్చును. ప్లేటునకు వాయించునప్పుడో, ఆలాపనయు కృతియు స్వరకల్పనయు సూది నడిమి బిందువును చేరులోగా ముగియవలెను. సభలో విన్నవారికిని ప్లేటులో విన్నవారికిని దొరకిన విద్వాంసు డొక్కడే; దొరకిన సంగీతము మాత్ర మొక్కటి కాదు.

దీర్ఘమైన రచనలకు పెక్కు ప్లేట్లు కావలసివచ్చెను. వానిని ఛాయాచిత్రముల పుస్తకమువలె అట్టల నడుమ చేర్చి అమ్మిరి. ఆల్బము అను పేరు అట్లు వచ్చినది. 1948లో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్ ప్లే రికార్డును వెలువరించిరి. దానియం దొక ప్రక్కనే యిరువది నిమిషములకు పైగా సంగీతము పట్టెను. ప్లేట్ల పుస్తకము పోయినది. పేరు మాత్రము నిలిచినది. 1963లో కాసెట్టు, 1982లో కాంపాక్టు డిస్కు, పిదప చేతి ఫోను వచ్చినను, ఒక గాయకుడుగాని బృందముగాని ఒక వరుసలో కూర్చి యిచ్చిన పాటల సమూహమును నేటికిని ఆల్బమనియే యందురు.

‘ఇండీ’ అనగా నేమి?

రాక్ సంగీతము 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాయందు రూపొందినది. నల్లజాతివారి బ్లూస్ పాటలును, పల్లెటూళ్ళ కంట్రీ పాటలును దానికి తల్లిదండ్రులు. ఒకరిద్దరు గిటారు వాద్యగాండ్రు, మంద్రస్వరమునకు బేస్ గిటారు, డ్రమ్ములు, ఒక కంఠము – ఇదియే సామాన్యమైన బృందము. విద్యుత్ గిటారులో ఉక్కు తీగల క్రింద అయస్కాంతమును, దాని చుట్టు సన్నని రాగితీగ చుట్టను అమర్తురు. ఉక్కు తీగ కంపించినపుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దీని కారణమును మన విద్యార్థులు విద్యుదయస్కాంత ప్రేరణ మను పాఠమున చదివియే యుందురు. ఆ విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి లౌడ్‌స్పీకరునకు పంపును. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి పనిచేయించినచో నాదము గరగరలాడును. ఇంజనీర్లు దోషమని విడిచిన ఆ గరగరనే రాక్ వాద్యగాండ్రు అలంకారముగ గైకొనిరి.

‘ఇండీ’ యనునది స్వతంత్రము అను అర్థముగల ఆంగ్లపదమునకు పొట్టిరూపము. పెద్ద కంపెనీల యాజ్ఞకు లోబడక, తామే యేర్పఱచుకొన్న చిన్న సంస్థల ద్వారా పాటలను వెలువరించు పద్ధతికి మొదట ఆ పేరు చెల్లినది. రాగమునకుగాని తాళమునకుగాని కాక, డబ్బును నిర్ణయాధికారమును ఎవరి చేతనున్నవను విషయమునకు వచ్చిన పేరిది. ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున బజ్‌కాక్స్ అను బృందమువారు 1976 డిసెంబరు 28వ తేదీన, ఒక్కనాటిలో, నాలుగు పాటలను రికార్డు చేసిరి. స్నేహితులయొద్దను కుటుంబమువారియొద్దను సుమారు 500 పౌనులు అప్పు తెచ్చి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అను పేర వేయి ప్రతులను తామే వెలువరించిరి. ఆ వేయి త్వరలోనే చెల్లిపోగా మరల మరల ఒత్తించిరి. తుదకు పదునాఱు వేల ప్రతులు అమ్ముడుపోయినవి. ఏ పాటను ఎన్నవసారి పాడినపుడు సరిపడినదో ఆ సంఖ్యను కూడ అట్టమీద వారు ముద్రించిరి. ‘ఇందు మాయ లేదు, మీరును చేయగలరు’ అని చదువరికి చెప్పుటయే దాని భావము. ఇంగ్లండున నెందఱో యువకులు ఆ యట్టను చదివి తామును ఆ పనికి పూనుకొనిరి.

పండ్రెండేండ్ల తరువాత అమెరికాలోని సియాటిల్ ప్రాంతమున నిర్వాణా అను బృందము సబ్ పాప్ అను చిన్న కంపెనీకి ‘బ్లీచ్’ అను ఆల్బమును చేసి యిచ్చెను. దాని రికార్డింగునకైన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ధనము లేకున్న సంగీతము లేదను వారికి ఆ సంఖ్యయే సమాధానము.

మన భాషలో ఈ స్వాతంత్ర్యము వేఱొక రూపమున కనబడును. తెలుగునాట పాట యనగానే సినిమా పాటయే యని చిరకాలమునుండి పలువు రనుకొనుచున్నారు. కాని సినిమాకు సంబంధింపని పాటల ప్లేట్లును మనకు గలవు. వానిని ప్రైవేటు రికార్డు లనెడివారు. సాలూరు దగ్గఱి శివరామపురమున 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారు ప్రసిద్ధ చలనచిత్ర సంగీతకర్త యగుటయే కాక, లలితగీతములను ప్లేట్లకు పాడి తెలుగున నొక నూతన మార్గమును తీర్చిరి. విజయనగర సంగీత కళాశాలలో చదివి, పట్రాయని సీతారామశాస్త్రిగారియొద్ద విద్య నభ్యసించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ను ప్లేటున కెక్కించిరి. ఆయన భగవద్గీతా గానము 1974లో ఆయన మరణించిన తరువాతనే రికార్డుగ వెలువడి యింటింటను వినబడెను. ఈ ప్లేట్లను ఒత్తినవి పెద్ద కంపెనీలే గనుక వీనిని పూర్తిగా స్వతంత్రము లనరాదు. అయినను కథానాయకుని పెదవులకొఱకు గాక, పాటకొఱకే పాడిన పాటలగుటచే అవి ఆ జాతికి సమీపబంధువులు. మన కాలమున హైదరాబాదులో చౌరస్తా అను బృందమువారు గిటారును, డ్రమ్ములను, పల్లె పలుకుబడిని కలిపి, సినిమా యాధారము లేకయే ‘ఊరెళ్ళిపోతా మామా’ వంటి పాటలను ప్రచారమునకు తెచ్చిరి. పట్టణమున బ్రదుకుచు పల్లెకై బెంగపడువారు ఆ పాటను తమదిగా జేసికొనిరి.

ఆల్బముయొక్క గుణము

ఒంటరి పాట చాటుపద్యము వంటిది. ఆల్బము ఖండకావ్యము వంటిది. చాటుపద్యము ఒక్క మెఱుపుతో సంతోషపెట్టును. ఖండకావ్యమున ముందు పద్యము వెనుక పద్యమునకు దారి చూపవలెను. మంచి ఆల్బమున మొదటి పాట తలుపు తెఱచును. నడుమ నొకటి విశ్రాంతి నిచ్చును. కడపటి పాట మనలను మౌనముగ బయటికి పంపును. ఈ వరుసను లెక్కచేయక ఫోనులో తోచిన పాటను తోచినపుడు వినువారు, కావ్యమునుండి నాలుగు పద్యములను చింపి చదివినవారితో సమానులు.

నాకు మిక్కిలి ప్రియమైన వానిలో ఒకటి, అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఏథెన్స్ అను చిన్న పట్టణమునుండి వచ్చిన ఆర్.ఇ.ఎమ్. బృందమువారి ‘మర్మర్’. ఇది 1983లో వెలువడినది. అందు గాయకుడు మైకేల్ స్టైప్ మాటలను స్పష్టముగ పలుకడు, గొణిగినట్లు పాడును. మొదటిసారి విన్నపుడు ఇది లోపముగ దోచును. పలుమాఱు విన్నపిమ్మట, అర్థము చిక్కని మాటలే మనలను దగ్గఱకు లాగుచున్నవని తెలియును. గట్టిగా అఱచువానినుండి మనము వెనుకకు జరుగుదుము. మెల్లగా పలుకువాని వైపునకు వంగుదుము. ఈ గుణము ప్లేటునకే సొంతము. కిటకిటలాడు సభలో గొణుగుడు వినబడదు. ఇంటిలో, రాత్రివేళ, ఒంటరిగా కూర్చున్న శ్రోతకే అది దక్కును.

రెండవది, కెనడా దేశపు ఆర్కేడ్ ఫైర్ బృందమువారి ‘ది సబర్బ్స్’ (2010). మహానగరపు శివారు కాలనీలలో గడచిన బాల్యమే దాని వస్తువు. పదునాఱు పాటలలో ఆ యొక్క వస్తువునే త్రిప్పి త్రిప్పి చూపిరి. మొదటి పాటలోని భావము కడపట మరల తల యెత్తును. మర్జ్ అను చిన్న స్వతంత్ర సంస్థ అమెరికాలో వెలువరించిన ఈ ఆల్బమునకు 2011లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమని గ్రామీ బహుమానము లభించెను. కొంచెము పొడవు తగ్గినచో మఱింత బిగువుగ నుండెడిదని నా యభిప్రాయము. అభిమాని యనగా దోషమును చూడనివాడు కాదు. దోషమును చూచియు మరల వినువాడు.

సభయొక్క గుణము

స్టూడియోలో పాట సరిపడువఱకు పదిసార్లు పాడవచ్చును, తప్పును తుడిచివేయవచ్చును, ఒకే గాయకుని కంఠమును నాలుగు పొరలుగ పేర్చవచ్చును. సభలో ఈ సదుపాయములు లేవు. నోట వెడలినది వెడలినదే. అందుచేతనే అచట గాయకుని ధైర్యమును, తోడివారి సహకారమును మనము కన్నులార జూతుము. తీగ తెగినపుడు డ్రమ్ముల వాడు తాళమును నిలిపి పట్టుకొనుట, శ్రోతలలో ఉత్సాహము పుట్టినపుడు పాట వేగము తనంత హెచ్చుట – ఇవి ప్లేటున దొరకవు. ప్లేటును గాయకుడు చేయును. సభను గాయకుడును శ్రోతయు కలిసి చేయుదురు.

ఈ ధర్మమును చక్కగ నెఱిగినవారు వాషింగ్టను నగరపు ఫుగాజీ బృందమువారు. వారు 1987 మొదలు 2002 వఱకు వేయికి పైగా సభలలో వాయించిరి. సాధారణముగ టిక్కెట్టు వెల అయిదు డాలర్లకు మించనీయరైరి. సారాయి అమ్మకముకొఱకు బాలురను బయట నిలుపు శాలలను విడిచి, అన్ని వయస్సులవారికిని ప్రవేశముండునట్లు చూచిరి. సభలో నెవడైన తోటివారిని కొట్టి త్రోసి బాధించినచో పాట నాపి, వాని అయిదు డాలర్లను కవరులో పెట్టి చేతికిచ్చి బయటికి పంపెడివారు. పాట యెంత ఉగ్రమైనదైనను మర్యాద తప్పనక్కఱలేదని ఈ బృందమువలన తెలియుచున్నది. రాక్ సంగీత మనగానే బిడ్డలు చెడిపోవుదురని భయపడు తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక. వారు నిజముగ భయపడవలసినది మఱొకటి కలదు. అతిశబ్దము చెవి లోపలి సూక్ష్మకణములను చంపును. అవి మరల మొలవవు. లౌడ్‌స్పీకరునకు దూరముగ నిలుచుట, చెవిలో పెట్టుకొను ఫోను స్వరమును తగ్గించుట బాలురకు తప్పక నేర్పవలెను.

సభాధర్మము మనకు క్రొత్తది కాదు. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగర సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులు. ఆయన హరికథను నిలుచుండి, ఆడి, పాడి, అభినయించి చెప్పెడివారు. చేతులతోను కాళ్ళతోను వేర్వేరు తాళములను ఒకేమాఱు చూపి పండితుల నాశ్చర్యపఱచిరి. కంటితో చూడవలసిన ఆ తాళములను ఏ ప్లేటు చూపగలదు? మన పల్లెలలో తప్పెటగుళ్ళవారు గుండ్రని తప్పెటలను రొమ్మునకు గట్టుకొని, గజ్జెలు మ్రోగ గంతులు వేయుచు గంగమ్మ కథను, కాటమరాజు కథను పాడుదురు. జముకుల కథకుడు అడుగున తోలు మూసిన పాత్రనుండి వెడలు తీగను బిగించుచు సడలించుచు మీటగా, నాదము మూలుగుచు పైకిని క్రిందికిని జాఱును. ఆ మూలుగు వినిన చెవికి రాక్ గిటారు గరగర వింతగ దోచదు. కథకుడు ఆపినచోట వంతవారు అందుకొందురు. శ్రోతలు ‘ఊ’ కొట్టుదురు. టిక్కెట్టు లేదు, కంపెనీ లేదు, ఊరివా రిచ్చు ధాన్యమును రూకలునే జీతము. ఇంగ్లండువారు 1977లో కనుగొన్న స్వతంత్ర గానము మన కళ్ళములలో అంతకు చాల ముందే నడచుచుండెను.

ఏది మేలు?

ప్లేటు మేలా, సభ మేలా యని విద్యార్థులు వాదింతురు. ఈ వాదమునకు సమాధానము మన శ్రీముఖలింగమునందే కలదు. మధుకేశ్వరాలయపు గోడలపై గాంగరాజుల కాలపు శాసనములు పెక్కు గలవు. ఎవరు అఖండదీపమునకు దానమిచ్చిరో, ఏ శకవత్సరమున నిచ్చిరో నేటికిని చదువవచ్చును. కాని ఆ దీపము వెలుగుచుండగా ఆ మండపమున మ్రోగిన మద్దెల యెట్లు మ్రోగెనో, పాడినవాని కంఠ మెట్లుండెనో శిల చెప్పజాలదు. వ్రాత నిలిచినది, నాదము పోయినది. సభ ప్రాణము, ప్లేటు శాసనము. ప్రాణము లేక శాసనమున వ్రాయుట కేమియు నుండదు. శాసనము లేకున్న, ప్రాణము పోయిన మఱునాడు దానిని ఎఱిగినవాడుండడు.

ఫుగాజీవారు తాము జరిపిన సభలలో ఎనిమిది వందలకు పైగా ధ్వనిముద్రణ చేయించి దాచిరి. 2011 మొదలు వానిని అందఱును వినుటకు వీలుగ వెలువరించిరి. చక్కగ జరిగిన రాత్రితోపాటు తడబడిన రాత్రిని కూడ దాచిరి. మన జముకుల కథకులలోను, తూర్పు భాగవతపు మద్దెలగాండ్రలోను అనేకులు వృద్ధులై యున్నారు. వారి కుమారులు పనికై విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును పోవుచున్నారు. నేర్చువా డొక్కడును లేక ఒక కథకుడు మరణించినచో, ఒక రాత్రి నిండ చెప్పదగిన కథ, దాని బాణీ, దాని పలుకుబడి ఆయనతో మట్టిలో కలియును. మఱి మన బాలుర చేతిలోని ఫోనులలో, ఆ కథను పూర్తిగ దాచుటకు చాలినంత చోటున్నది!

కావున విద్యార్థులకు మూడు పనులు చెప్పుచున్నాను. మొదటిది, నెలకొక ఆల్బమునైన – అది ఏ దేశపుదైనను సరే – మొదటి పాటనుండి కడపటి పాటవఱకు, వరుస మార్పక, వేఱు పని చేయక వినుడు. రెండవది, మీ యూరగాని, శివరాత్రి యాత్రలోగాని, గుడి యొద్దనుగాని, చర్చి యొద్దనుగాని, ఎవరైన ఎదుట నిలిచి పాడుచున్నప్పుడు ముగియువఱకు కూర్చుండుడు. వారికి చేతనైనది ఇండు. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు ఏ ప్లేటును లేని కాలమున, కూడి పాడినవారి కంఠములచేతనే ఊరూర వ్యాపించినవి. శ్రోత కూర్చున్నంతకాలమే స్వతంత్ర గాయకుడు నిలువగలడు. వానికి వేఱు పోషకుడు లేడు. మూడవది, మీ గ్రామమున పాత పాట నెఱిగిన వృద్ధు డుండిన, వారి యనుమతి నడిగి, ఆ పాటను పూర్తిగ రికార్డు చేయుడు. పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఎవరియొద్ద నేర్చినదియు తప్పక వ్రాసి పెట్టుడు. పేరులేని పాట తేదీలేని శాసనము వంటిది. వారు వలదన్నచో బలవంతపెట్టక, కూర్చుండి విని రండు, అదియు మేలే.

మాంచెస్టరు యువకులు అప్పుచేసి వేయి ప్రతులు ఒత్తించిరి. మనకు అప్పు కూడ అక్కఱలేదు. ఒక సాయంకాలమును, కొంచెము ఓర్పును, పెద్దవారి యెడ వినయమును ఉన్న చాలును.